పేపర్‌ని ప్రార్థనలో చదివించి బీరువాలో పెట్టేయకండి

చాలా బడుల్లో పేపర్ వాడకం ఎలా ఉంటుందో మీకూ తెలుసు. ప్రార్థన అయ్యాక ఐదో తరగతిలో బాగా చదివే పిల్ల ఒకతి ముందుకొచ్చి "నేటి వార్తలు" అని మొదలుపెట్టి, ద్రవ్యోల్బణం, రెపో రేటు, సుప్రీంకోర్టు ధర్మాసనం అంటూ ఊపిరి తీసుకోకుండా నాలుగు హెడ్డింగులు చదివేసి లైన్లోకి వెళ్లిపోతుంది. వింటున్న వాళ్లలో ఒక్కరికీ ఒక్క ముక్క ఎక్కదు, చదివిన పిల్లకీ ఎక్కదు. ఆ తర్వాత పేపర్ హెడ్మాస్టారి టేబుల్ మీదికి, అక్కణ్ణుంచి నెలాఖరుకి బీరువా అరల్లోకి. నేనూ చాలాకాలం ఇదే చేయించాను, ఒప్పుకుంటున్నా.

ఇప్పుడు మా బడిలో 3, 4, 5 తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి, వారానికి మూడు రోజులు, రోజుకి ఇరవై ఐదు నిమిషాలు పేపర్ పీరియడ్ నడుస్తుంది. ఎలా నడుస్తుందో రాస్తున్నా. ముఖ్యంగా ఒక్కరే టీచర్ ఉండి, ఒక్కటే పేపర్ వచ్చే (లేదా అదీ రాని) బడుల వాళ్ల కోసం.

ముందు ఏ పేపర్ అన్న సంగతి. బ్రిటన్‌లో 2006లో ఫస్ట్ న్యూస్ అని అచ్చంగా పిల్లలకే ఒక వారపత్రిక మొదలైంది, ఫ్రాన్స్‌లో అయితే 1995లోనే పిల్లల కోసం ఏకంగా దినపత్రికే పెట్టారు. మన చేతికి అందేవి దినపత్రికల్లో పిల్లల పేజీ, ఆదివారం అనుబంధంలో ఒకటో రెండో పేజీలు, నెలకోసారి వచ్చే బాలల పత్రికలు. ఇది లోటే, కాదనను. కానీ దీంట్లో ఒక లాభం కూడా ఉంది. మన పిల్లల పేజీ పెద్దవాళ్ల పేపర్ లోపలే ఉంటుంది కాబట్టి, పిల్లాడు తన పేజీ కోసం పేపర్ తిప్పుతూ తిప్పుతూ మిర్చి ధర దగ్గరో, క్రికెట్ ఫొటో దగ్గరో, వాన కబురు దగ్గరో ఆగుతాడు. ఆ ఆగడమే మనకి కావాల్సింది.

బడికి పేపర్ రాకపోతే టీకొట్టుకి వెళ్లండి. ఊళ్లో పేపర్ వేయించుకునే వాళ్లు నలుగురైనా ఉంటారు, నిన్నటి పేపర్‌తో వాళ్లకి పని ఉండదు. మా ఊరి టీకొట్టాయన మొదట "బజ్జీల పొట్లాలకి కావాలి మాస్టారూ" అన్నాడు. వేడి వేడి బజ్జీలకి ఆ సిరా అంటుకోవడం ఎంత చెడ్డదో చెప్పి (ఆహారాన్ని పేపర్లో కట్టొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు) పిల్లల పేజీ వరకైనా తీసి పక్కన పెట్టమన్నాను. ఇప్పుడు వారానికి ఆరేడు పేజీలు వస్తాయి, బజ్జీలు మాత్రం ఇంకా పేపర్లోనే కడుతున్నాడు. నిన్నటిదైనా మొన్నటిదైనా పర్లేదు, పిల్లాడు చూడకపోతే అది వాడికి కొత్త పేపరే. ఒక్కటి మాత్రం చూడండి: తారీఖు ఉన్న పై అంచు చిరిగిపోకూడదు. అది ఎందుకో తర్వాత చెప్తా.

ముందురోజు సాయంత్రం పేపర్ మొత్తం మీరు ఒకసారి తిరగేయాలి. ఇది దాటేయకండి. ఒకసారి నేను టైమ్ లేక, చూడకుండా జిల్లా పేజీలతో సహా పంచేశాను. అందులో ఒక రోడ్డు ప్రమాదం ఫొటో ఉంది, పోయినాయన మా నాలుగో తరగతి పాపకి బంధువు. ఆ పిల్ల ఏడవలేదు, పేపర్ మడిచి కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది. ఆ రోజు నుంచి జిల్లా పేజీలు నేను చూడనిదే గదిలోకి రావు. అలాగని హత్యలు, ఆత్మహత్యలు తీసేసి మిగిలినదంతా పంచేయమనీ కాదు. రాజకీయ నాయకుల తిట్ల భాష ఉంటుంది, సినిమా పేజీ ఉంటుంది, ఏది ఉంచాలో మీ ఊరు, మీ పిల్లలు మీకే తెలుసు.

మొదటి రోజు ఏమీ చెప్పకండి

ఇద్దరికి ఒక పేజీ చొప్పున ఇచ్చి ఊరికే ఉండండి. ఇది టీచర్లకి అన్నిటికంటే కష్టమైన పని, నాకైతే నోరు ఆగలేదు. సగం మంది "తేడాలు కనుక్కోండి" మీద పడతారు, దారి కనుక్కోమనే గజిబిజి బొమ్మలో కుందేలుని క్యారెట్ దగ్గరికి చేర్చడానికి పెన్సిల్ కోసం కొట్టుకుంటారు, ఒకడు పేజీ తలకిందులుగా తిప్పి పొడుపుకథల జవాబులు చదివేస్తాడు. చదవనివ్వండి. నా దగ్గర మూడో తరగతిలో వాచకం తెరిస్తే నోరు విప్పని పిల్లాడు ఒకడున్నాడు. వాడు ఆ రోజు తలకిందులుగా అచ్చయిన జవాబుల్లో "ఉల్లిపాయ" అని కూడబలుక్కుని చదివి, పక్కవాడిని పొడుపుకథ అడిగి, వాడికి రాకపోతే తెగ మురిసిపోయాడు. ల కింద ల వత్తు అని నేను రెండు నెలలుగా నేర్పుతున్నదే అది.

ప్రశ్నలు అడగొద్దు, "ఈ కథలో నీతి ఏమిటి" అసలే అడగొద్దు, ఇంటి దగ్గర చూసి రాసుకురమ్మని చెప్పొద్దు. పేపర్‌ని ఇంకో వాచకంగా మార్చిన రోజున పిల్లలు దాన్ని వాచకం లాగే చూస్తారు.

రెండో వారం నుంచి పని మొదలుపెట్టొచ్చు. నేను మొదట పెట్టేది "ఆరు ఎ"ల ఆట. తెలుగులో ప్రశ్నలన్నీ ఎ, ఏ దగ్గరే మొదలవుతాయి కదా: ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా. ఐదు వేళ్లకి ఐదు, అరచేతికి "ఎలా". చిన్న వార్త ఒకటి చదివి వినిపించి, జవాబు దొరికినప్పుడల్లా ఒక వేలు ముడవమంటాను. చాలా వార్తల్లో "ఎందుకు" వేలు నిలబడే ఉంటుంది. అప్పుడు "సార్, ఎందుకో రాయలేదు" అంటారు. వార్తలో ఏం లేదో పిల్లాడు కనిపెట్టడం కంటే ఈ పీరియడ్‌లో నాకు ఇంకేమీ అక్కర్లేదు. "ఎప్పుడు" దగ్గర మాత్రం ఒక చిక్కుంది. వార్తలో "మంగళవారం" అని ఉంటుంది, ఏ మంగళవారమో తెలియాలంటే పేజీ పైన తారీఖు చూడాలి. అంచు చింపొద్దన్నది అందుకే.

హెడ్డింగ్ కత్తిరించి దాచి, వార్త మాత్రం ఇచ్చి "దీనికి పేరు పెట్టండి, నాలుగు మాటలు దాటొద్దు" అనడం ఇంకో ఆట. పాత చందమామలో రెండు ఫొటోలిచ్చి ఒకదానికొకటి జోడీ కుదిరేలా వ్యాఖ్యలు రాయమనే పోటీ గుర్తుందా, అది కూడా ఈ పేజీలతో బ్రహ్మాండంగా నడుస్తుంది. రెండు వేర్వేరు వార్తల ఫొటోలు పక్కపక్కన అంటించండి, అంతే. వరదలో మునిగిన బస్సు ఫొటో పక్కన కప్ప బొమ్మ పెడితే మావాడొకడు "దీనికి ఈత రాదు" "దీనికి టికెట్ అక్కర్లేదు" అని రాశాడు. ఇంకో నాలుగు రోజులు నేను దాన్ని అందరికీ చెప్పుకున్నా.

చదవలేని పిల్లలతో

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "మా పిల్లలకి గుణింతాలే రావు, పేపర్ ఏం చదువుతారు" అనే మాట ప్రతి మీటింగ్‌లో వింటాను. రాని పిల్లలకి పేపర్ చదవమని ఇవ్వం, వెతకమని ఇస్తాం. స్కెచ్ పెన్ ఇచ్చి "క్ష ఎన్నిసార్లు వచ్చిందో చుట్టు" అంటే చాలు. "రాష్ట్రం" అనే మాట పేపర్లో రాని రోజు ఉండదు, దాంట్లో ష కింద ట, ర రెండూ ఉన్నాయి, పిల్లలు దాన్ని బొమ్మలా గుర్తుపడతారు, తర్వాత విడదీయడం నేర్పొచ్చు.

పేపర్లోనే ఎక్కువగా దొరికేది ఇంకోటి ఉంది, అది పొల్లు. పాఠ్యపుస్తకంలో మాటలు ఎక్కువగా అమ్మ, చెట్టు, వాన, పులి అన్నట్టు అచ్చుతో ముగుస్తాయి. పేపర్లో బస్, రాకెట్, ఫోన్, మార్కెట్, స్టేషన్. చివర పొల్లు. పిల్లలు "రాకెట్" ని "రాకెట", "ఫోన్" ని "ఫోన" అని చదువుతారు, మనం తప్పు అంటాం, వాళ్లకి ఎందుకు తప్పో అర్థం కాదు. ఒకరోజు పొల్లు మాటల వేట పెట్టి, చుట్టిన ప్రతి మాటా గట్టిగా చదివిస్తే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది. ఆ మాటలన్నీ వాళ్లు ఇంట్లో వాడేవే కదా, అక్షరానికీ నోటికీ లంకె పడటమే ఆలస్యం.

ఇక మూడు తరగతులకీ ఒకే వార్త వాడాలంటే తిరగరాయక తప్పదు. చూపిస్తా. దినపత్రికల భాషలో వార్త ఇలా ఉంటుందనుకోండి: "శ్రీహరికోటలోని సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం నుంచి 2023 జులై 14న నింగిలోకి దూసుకెళ్లిన చంద్రయాన్-3, ఆగస్టు 23న సాయంత్రం 6.04 గంటలకు చంద్రుడి దక్షిణ ధ్రువానికి చేరువలో విజయవంతంగా దిగిన నేపథ్యంలో దేశవ్యాప్తంగా సంబరాలు మిన్నంటాయి." ఐదో తరగతికి ఇదే ఇస్తాను, తడుముకుంటూ చదవనీ. నాలుగుకి మూడు వాక్యాలు చేస్తాను. మూడుకి ఇలా:

"చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. అది శ్రీహరికోటలో బయల్దేరింది. జులై 14న బయల్దేరింది. ఆగస్టు 23న దిగింది. దాంట్లో ఒక చిన్న బండి ఉంది. బండి పేరు ప్రజ్ఞాన్. దాని బరువు 26 కిలోలు."

వాక్యానికి ఒకటే క్రియ. "నేపథ్యంలో", "సందర్భంగా", "తద్వారా" కనిపిస్తే కొట్టేయండి, "వెల్లడించారు", "పేర్కొన్నారు", "ఉద్ఘాటించారు" అన్నీ "చెప్పారు" అయిపోతాయి. మొదట్లో ఒక్కో వార్తకి అరగంట పట్టింది, ఇప్పుడు టీ తాగేలోపు అయిపోతుంది. ఆ 26 కిలోల దగ్గర మాత్రం జాగ్రత్త, క్లాసు మీ చేతిలో ఉండదు. మేం అంగన్‌వాడీ నుంచి బరువు తూచే మిషన్ తెచ్చి అందరినీ తూచాం, సరిగ్గా 26 ఉన్నవాడు ఒకడు దొరికాడు, వాడి పేరు అప్పటి నుంచీ ప్రజ్ఞానే. జులై 14 నుంచి ఆగస్టు 23కి ఎన్ని రోజులు అని అడిగితే జులైకి 31 రోజులని మర్చిపోయి సగం మంది 39 అన్నారు, క్యాలెండర్ మీద గడులు లెక్కపెట్టి 40 తేల్చారు. ఆ రోజు నేను లెక్కల పాఠం చెప్పలేదు, కానీ డైరీలో లెక్కలు అనే రాశా. పాత వార్త కదా అంటారేమో, ఆగస్టు 23ని ఇప్పుడు జాతీయ అంతరిక్ష దినోత్సవంగా జరుపుతున్నారు, ఏటా ఆ క్లిప్పింగ్ బయటికి తీస్తాను.

లెక్కల మాట వచ్చింది కాబట్టి. వాతావరణం గడిలో ఉష్ణోగ్రతలు ఉంటాయి, వేసవిలో రెంటచింతల, రామగుండం ఏ రోజు ఎంతో రాసుకుంటూ పోతే పది రోజుల్లో గీతల బొమ్మ తయారవుతుంది. మాది పల్నాడు, మిర్చి ఊరు కాబట్టి నేను ఎక్కువగా వాడేది గుంటూరు మిర్చి యార్డు ధరలు. క్వింటా అంటే వంద కిలోలు, క్వింటా 14,000 అయితే కిలో ఎంత, సున్నాలు కొట్టేయడం ఇంత తేలిగ్గా ఇంకెక్కడా రాదు. ఒకరోజు ఒక పిల్లాడు లేచి "తప్పు వేశారు సార్, మా నాన్నకి అంత రాలేదు" అన్నాడు. పేపర్ తీసి మళ్లీ చూపించాను, అందులో గరిష్ఠ ధర, కనిష్ఠ ధర అని రెండున్నాయి, మేం చదివింది పైదే. తాలు కాయకి (రంగు పోయిన నాసి కాయకి) ఎంత, తేమ ఉంటే ఎంత కోస్తారు, ఇవన్నీ ఆ పిల్లలు నాకు చెప్పారు, నేను బోర్డు మీద రాశాను. మరుసటి రోజు వాళ్ల నాన్న బడికొచ్చి "పేపర్లో రేటు ఒకసారి చూడాలి మాస్టారూ" అన్నారు.

ఐదో తరగతికి మాత్రం రెండు పనులు అదనంగా చేయిస్తా. ఒకటి, ఏది వార్త, ఏది ప్రకటన అని విడదీయడం. మొదటి పేజీ మొత్తం వార్తలాగే అచ్చేసిన ప్రకటనలు వస్తుంటాయి, ఏదో మూల చిన్న అక్షరాలతో "ప్రకటన" అని ఉంటుంది, దాన్ని పట్టుకున్నవాళ్లకి ఆ రోజు గంట కొట్టే డ్యూటీ. రెండోది, ఒకే వార్త రెండు పేపర్లలో. సభకి వచ్చిన జనం ఒకదాంట్లో వేలల్లో ఉంటారు, ఇంకోదాంట్లో పోటెత్తుతారు. ఎవరు కరెక్ట్ అని నేను చెప్పను, నాకూ తెలీదు కదా. ఫోన్లో వచ్చే ఫార్వార్డులని కూడా ఇదే ఆరు ఎల ఆటతో చూడమంటాను, "ఎక్కడ", "ఎప్పుడు" లేని మెసేజ్ అయితే ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పమంటాను. పెద్దవాళ్లు వింటారా అన్నది వేరే కథ.

దాచుకోవడం

పేపర్ రెండు చేతులు మారితే చిరిగిపోతుంది. లామినేషన్‌కి డబ్బులెక్కడివి, పాత శుభలేఖలు తెండి. పెళ్లిళ్ల సీజన్ అయ్యాక ఇంటింటికీ పది ఉంటాయి, దేవుడి బొమ్మ ఉందని పారేయలేక దాచుకుంటారు, బడికి అంటే ఇస్తారు. బొమ్మ ఉన్నవైపు అలా వదిలేసి వెనకవైపు క్లిప్పింగ్ అంటించండి. మైదా ఉడికించిన జిగురు చాలు. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటు కొందరికి ఉంది, అది విషం, పిల్లల చేతుల్లో తిరిగే కార్డులకి వద్దే వద్దు, డబ్బాలో నాలుగు ఎండిన వేపాకు రెబ్బలు వేస్తే సరి. కార్డు మూల తారీఖు, ఒక చుక్క తేలిక, రెండు చుక్కలు మధ్యస్థం, మూడు కష్టం. నా దగ్గర ఇప్పుడు రెండు చెప్పుల డబ్బాల నిండా కార్డులున్నాయి, నేను సెలవు పెట్టిన రోజు వచ్చే టీచర్‌కి అవే పాఠం.

అన్నట్టు, పేపర్ పీరియడ్ మధ్యాహ్న భోజనానికి ముందు పడితే చేతులు సబ్బుతో కడిగించండి. అచ్చు సిరా వేళ్లకి నల్లగా అంటుతుంది.

మీ పిల్లల పేరు అచ్చులో చూసుకోవాలంటే

బొమ్మలు, కథలు పత్రికలకి పంపొచ్చు. కాగితం వెనక పేరు, తరగతి, బడి, ఊరు రాయాలి, ఇంట్లో వాళ్లని ముందే అడగాలి, మేడమ్ గీసిన బొమ్మ పిల్ల పేరుతో పంపడం లాంటి పనులు చేయకూడదు (చేస్తారు, నాకు తెలుసు). కానీ ముప్ఫై మంది పంపితే ఒక్కరిది రావడమే గొప్ప, మిగతా ఇరవై తొమ్మిది మంది రోజూ పేజీ తిప్పి చూసి నా మొహం చూస్తారు. ఆ చూపులు భరించలేకే గోడపత్రిక మొదలుపెట్టా. ఇదేం నా కనిపెట్టుడు కాదు, 1920లలోనే ఫ్రాన్స్‌లో సెలెస్టిన్ ఫ్రెనే అనే పల్లెటూరి పంతులు చిన్న అచ్చుయంత్రం కొని, పిల్లలు రాసినవి పిల్లలతోనే అచ్చు వేయించి, వేరే ఊరి బడికి పోస్టులో పంపి, వాళ్లవి తెప్పించుకునేవాడు. మనకి యంత్రం అక్కర్లేదు, ఒక డ్రాయింగ్ షీటు, స్కెచ్ పెన్నులు చాలు.

షీటుని నాలుగు నిలువు వరుసలు చేయండి. పైన పేరు, తారీఖు, కింద ధర (మాది "ఒక చింతగింజ"). సంపాదకుడు వారానికొకరు మారాలి, లేకపోతే బాగా రాసే పిల్లే ప్రతిసారీ అవుతుంది. వార్తలు ఊళ్లోంచే రావాలి, ఢిల్లీ కబుర్లు వద్దు. బోరు చెడింది, కొత్త స్తంభం వేశారు, ఈ వారం గుడ్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని పగిలాయి. ప్రతి వార్తకీ ఒక మనిషిని అడిగి తీరాలి, వాళ్ల మాట కొటేషన్లో పెట్టాలి.

ఇక్కడ భాష గొడవ వస్తుంది. "వత్తంది", "ఎల్లిపోయిద్ది" అని రాస్తారు, దిద్దాలా వద్దా? నేను పెట్టుకున్న పద్ధతి ఇది: విలేకరి రాసే వాక్యం పుస్తకం భాషలో ఉండాలి, కొటేషన్ లోపల మాత్రం మనిషి ఎలా మాట్లాడితే అలాగే ఉండాలి, నేను ముట్టుకోను. వంటమ్మని అడిగి మా నాలుగో తరగతి విలేకరి రాసిన వార్త ఇది: "సోమవారం బడిలో గ్యాస్ అయిపోయింది. అన్నం ఆలస్యంగా వండారు. దీని గురించి వంటమ్మ మాట్లాడుతూ 'అయిపోద్దని శుక్రవారం నుంచే చెప్తన్నా, ఎవరింటారు?' అన్నారు." అక్షరం మార్చలేదు. హెడ్మాస్టారు గోడ దగ్గర నిలబడి చదివి, నా వైపు ఒకసారి చూసి, ఏజెన్సీకి ఫోన్ చేశారు.

చివరి వరుసలో కింద రెండంగుళాలు "సవరణ" కోసం ఖాళీ ఉంచండి. మొదట్లో నేను ఉంచలేదు, పిల్లలే గొడవ చేసి పెట్టించారు. పోయిన వారం దాంట్లో వచ్చింది: "గేదె ఈనింది అని రాశాం. ఈనింది ఆవు. గేదె వాళ్ల పక్కింటిది, అది ఇంకా ఈనలేదు. ఈనగానే రాస్తాం."